నిమిషానికి నూట ఇరవై గుండ్లు: యుద్ధనౌకల శీఘ్ర శతఘ్నులు

కేరమ్ డౌన్స్‌లోని శివవిష్ణు ఆలయానికి వచ్చే తెలుగు కుటుంబాలకు ఆ పరిసరాలు సుపరిచితమే. అయితే నౌకా శతఘ్నుల చరిత్రలోని ముఖ్యఘట్టాలు కొన్ని ఆ చుట్టుపక్కలనే పరచుకొని ఉన్నవన్న సంగతి చాలామంది గమనించి ఉండరు. పడమట కొద్దిదూరంలో పోర్ట్ ఫిలిప్ అఖాతం. ఆ తీరం వెంబడి ఉత్తరంగా వెళితే బ్లాక్ రాక్ వద్ద, 1871లో మెల్‌బోర్న్ చేరిన ‘సెర్బెరస్’ అనే యుద్ధనౌక అవశేషం ఒడ్డుకు దగ్గరలోనే నీటిపై కనిపిస్తుంది. దక్షిణంగా వెళితే క్రిబ్ పాయింట్ వద్ద అదే పేరు ధరించిన ఆస్ట్రేలియా నౌకాదళ శిక్షణ కేంద్రం, ఫ్లిండర్స్ సమీపాన వెస్ట్ హెడ్‌లో శతఘ్ని శిక్షణ క్షేత్రం ఉన్నాయి. అఖాతానికి ఆవలి ఒడ్డున ఉన్న విలియమ్స్‌టౌన్ నౌకానిర్మాణశాలలో 1990లలోనూ, ఆ తరువాతా ఆధునిక యుద్ధనౌకలు రూపుదిద్దుకొన్నాయి.

ఈ నౌకల ముందుభాగంలోనో, మధ్యభాగంలోనో గుండ్రని కవచం కప్పుకొని ఒకే ఒక్క గొట్టంతో కనిపించే ఫిరంగిని ‘మధ్యమ పరిమాణపు శతఘ్ని’ అంటారు. గొట్టం లోపలి వ్యాసం సుమారు 57 మిల్లీమీటర్ల నుండి 127 మిల్లీమీటర్ల వరకు ఉన్నవి ఈ తరగతిలోకి వస్తాయి. చూపులకు సాదాగా ఉన్నా, వీటిలో కొన్ని నిమిషానికి 120 గుండ్లు ప్రయోగించగలవు. ఈ వేగం ఎలా సాధ్యమైంది? ఇంకా పెంచరాదా? ఈ ప్రశ్నలకు యంత్రశాస్త్రం ఒక్కటే సమాధానం చెప్పలేదు. చోదక మందు రసాయన స్వభావమూ, ఉక్కు ఓర్చుకోగల వేడిమీ కలిసి ఈ వేగానికి హద్దు గీస్తాయి. ఆ హద్దుకు ఇవతల నౌకను రక్షించే ఆయుధమే ఆవల సొంత నావికులకు ప్రాణగండం కాగలదు.

విశాఖ నుండి కోకోస్ ద్వీపాల దాకా

తెలుగుతీరం నౌకా శతఘ్నుల పోరును 1804లోనే చూసింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 15న విశాఖపట్నం రేవు ముందు లంగరు వేసి ఉన్న ‘సెంచూరియన్’ అనే బ్రిటిష్ నౌకపై ఫ్రెంచి సేనాని లినోవా మూడు నౌకలతో దాడి చేశాడు. గంటల తరబడి కాల్పులు జరిగినా సెంచూరియన్‌లో మరణించినవారు ఒక్కరే. ఆనాటి ఫిరంగిని మూతివైపు నుండి మందుతోనూ గుండుతోనూ కూరి, వెనుకకు దూకిన బండిని తాళ్లతో మళ్లీ ముందుకు లాగవలసి వచ్చేది. ఒక్కొక్క పెద్ద ఫిరంగికి పదిమందికి పైగా మనుషులు శ్రమించినా రెండు నిమిషాలకు ఒక గుండు వేయగలిగితే అది మంచి వేగమే.

సెర్బెరస్ నౌకపై ఉన్నవి నాలుగు పది అంగుళాల ఫిరంగులు. గుండు బరువు సుమారు 180 కిలోలు. అవి కూడా మూతి నుండి నింపవలసినవే. ఒకసారి పేల్చి మళ్లీ సిద్ధం చేసేసరికి నిమిషాలు గడిచేవి. శత్రునౌక బరువుగా, నెమ్మదిగా నడిచినంత కాలం ఆ ఆలస్యానికి చెల్లుబాటు ఉన్నది. చురుకైన చిన్న టార్పెడో పడవలు పుట్టుకొని రావడంతో లెక్క తారుమారైంది. 1887లో ఇంగ్లండులో జరిగిన ఒక పరీక్షలో కొత్త తరహా 4.7 అంగుళాల శీఘ్ర శతఘ్ని పది గుండ్లను నిమిషం లోపే ప్రయోగించగా, పాత అయిదు అంగుళాల ఫిరంగికి అదే పనికి అయిదు నిమిషాలు పట్టింది. వెనుకవైపు నుండి తెరుచుకొనే తలుపు, ఇత్తడి తూటాకోశం, వెనుకకు తన్నిన గొట్టాన్ని ద్రవపీడనంతో ఆపి యథాస్థానానికి చేర్చే అమరిక దీనికి తోడ్పడ్డాయి.

ఈ కొత్త ఆయుధం శక్తి దక్షిణాదికి 1914లో తెలిసివచ్చింది. సెప్టెంబరు 22 రాత్రి ‘ఎమ్‌డెన్’ అనే జర్మన్ నౌక మదరాసు రేవు ముందుకు వచ్చి, తన 10.5 సెంటీమీటర్ల శీఘ్ర శతఘ్నులతో నూరుకు పైగా గుండ్లు కురిపించి, బర్మా ఆయిల్ కంపెనీ చమురు తొట్లను తగులబెట్టి వెళ్లిపోయింది. ఆంధ్ర జిల్లాలకు కూడా రాజధాని అయిన ఆ నగరంలో వ్యాపించిన భయం ఇంతింత కాదు.

ఆ ఎమ్‌డెన్‌ను రూపుమాపినది ఆస్ట్రేలియా నౌక ‘సిడ్నీ’. నవంబరు 9న కోకోస్ ద్వీపాల వద్ద రెండూ తలపడ్డాయి. త్వరగా పేల్చగలిగిన ఎమ్‌డెన్ గుండ్లే మొదట తగిలాయి. కాని వాటి బరువు 17 కిలోల పైచిలుకు మాత్రమే. సిడ్నీ ఆరు అంగుళాల ఫిరంగుల గుండు బరువు 45 కిలోలు. దాని పరిధి కూడా ఎక్కువ. సిడ్నీ దూరంగా జరిగి దెబ్బతీయగా ఎమ్‌డెన్‌లో 130 మందికి పైగా మరణించారు. సిడ్నీలో మరణించినవారు నలుగురు. ఎమ్‌డెన్ ఫిరంగులలో ఒకటి నేటికీ సిడ్నీ నగరంలోని హైడ్ పార్కులో ఉన్నది. వేగం ఒక్కటే గెలిపించదని అది మౌనంగా చెబుతున్నది.

పొగలేని మందు

శీఘ్ర శతఘ్ని పుట్టుకకు యంత్రకారులు ఎంత కారకులో, రసాయన శాస్త్రజ్ఞులు అంతకు తక్కువ కారకులు కారు. దీపావళి చిచ్చుబుడ్లలో వాడే సూరేకారం, గంధకం, బొగ్గుల మిశ్రమమే పూర్వపు తుపాకిమందు. అది కాలినప్పుడు సగానికి పైగా బరువు వాయువుగా మారక పొటాషియం లవణాల రూపంలో పొగగానూ మసిగానూ మిగిలిపోతుంది. ప్రతి గుండు తరువాతా గొట్టాన్ని తుడవాలి. పొగ తొలగేదాకా గురి కనబడదు. అటువంటి మందుతో నిమిషానికి నూరు గుండ్లు అనేది ఊహకైనా అందదు.

దూదిలోని సెల్యులోజ్‌ను నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలతో చర్య జరిపితే నైట్రోసెల్యులోజ్ వస్తుంది. కాలడానికి కావలసిన ఆక్సిజన్‌ను ఇది తన అణువులోనే దాచుకొంటుంది. కాలితే దాదాపు పూర్తిగా కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్, హైడ్రోజన్, నీటి ఆవిరి రూపంలో వాయువైపోతుంది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియెల్ దీనిని జిగురుగా మార్చి, పలుచని రేకులుగా చేసి, క్రమబద్ధంగా కాలేటట్లు చేశాడు. 1887లో నోబెల్ నైట్రోగ్లిజరిన్ కలిపిన రకాన్ని, 1889లో ఏబెల్, డ్యూవర్ అనేవారు ‘కార్డైట్’‌ను రూపొందించారు. నీలగిరులలోని అరువంకాడు కర్మాగారం ఈ కార్డైట్ కోసమే వెలసింది. విక్టోరియా సరిహద్దున మర్రీ నది ఒడ్డున ఉన్న ముల్వాలా కర్మాగారం రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇటువంటి పనికే మొదలైంది.

అయితే ఈ మందుకొక దుర్గుణం ఉన్నది. నిలువ ఉంచితే నెమ్మదిగా విచ్ఛిన్నమై నైట్రోజన్ ఆక్సైడ్లను వెలువరిస్తుంది. అవి ఆ విచ్ఛిత్తిని మరింత వేగవంతం చేస్తాయి. ఫ్రెంచి యుద్ధనౌకలు ‘ఇయేనా’ 1907లోనూ, ‘లిబెర్తే’ 1911లోనూ తూలోన్ రేవులోనే పేలిపోయి, మొదటిదానిలో 120 మంది దాకా, రెండవదానిలో సుమారు 300 మంది మరణించారు. ఎవరూ వాటిపై దాడి చేయలేదు. చెడిపోయిన చోదక మందే వాటిని బలిగొన్నది. డైఫినైలమీన్ వంటి స్థిరీకారకాలు ఆ ఆక్సైడ్లను పుట్టిన వెంటనే పట్టుకొని బంధిస్తాయి. అవి ఖర్చయిపోతే మందు ఆయుష్షు తీరినట్లే. అందుకే ఉష్ణదేశాలలో తిరిగే నౌకల మందుగదులను చల్లగా ఉంచి, నిలువలను కాలానుగుణంగా పరీక్షించడం నేటికీ తప్పనిసరి విధి.

అర సెకనులో ఒక చక్రం

నేటి మధ్యమ శతఘ్నులలో లోకమంతటా వ్యాపించినది ఇటలీలోని ఓటో మెలారా సంస్థ 1960లలో రూపొందించిన 76 మిల్లీమీటర్ల ఫిరంగి. మొదటి రకం నిమిషానికి 85 గుండ్లు పేల్చేది. 1980లలో వచ్చిన ‘సూపర్ ర్యాపిడ్’ రకం 120 పేలుస్తుంది. విలియమ్స్‌టౌన్‌లో నిర్మాణమై 1992లో నౌకాదళంలో చేరిన ‘మెల్‌బోర్న్’, 1993లో చేరిన ‘న్యూకాజిల్’ అనే ఫ్రిగేట్లు మొదటి రకాన్ని ధరించాయి. అవి 2019లో ఆస్ట్రేలియా సేవనుండి విరమించి, తరువాత చిలీ నౌకాదళానికి చేరాయి. సూపర్ ర్యాపిడ్ రకాన్ని భారతదేశంలో హరిద్వార్‌లోని బి.హెచ్.ఇ.ఎల్. సంస్థ లైసెన్సుపై నిర్మిస్తున్నది. విశాఖపట్నంలోనే నౌకాదళ ప్రవేశం చేసిన ‘కమోర్తా’ తరగతి నౌకల ముందుభాగంలో కనిపించేది ఇదే. మెరుగుపరచిన రకం ఫిరంగులు మరి పదహారింటి కోసం 2023 నవంబరులో భారత రక్షణశాఖ ఆ సంస్థతో సుమారు 2,957 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకొన్నది.

నిమిషానికి 120 అంటే ఒక్కొక్క గుండుకు అర సెకను. ఆ అర సెకనులో జరిగే పని చూడండి. డెక్కు క్రింద గుండ్రంగా తిరిగే పళ్లెంలో 80 తూటాలు నిలబడి ఉంటాయి. ఒక్కొక్కటి 12 కిలోల పైచిలుకు. ఒక మర వాటిని పైకి చేరవేస్తుంది. ఊగులాడే రెండు చేతులు వంతులవారీగా తూటాను అందుకొని, గొట్టం ఏ కోణంలో ఉంటే ఆ కోణానికి తిప్పి, పళ్లెంలో పెడతాయి. తూటా లోనికి దూరగానే తలుపు మూసుకొంటుంది, మందు అంటుకొంటుంది, ఆరు కిలోల గుండు సెకనుకు 900 మీటర్లను మించిన వేగంతో వెలువడుతుంది. గొట్టం వెనుకకు తన్ని, ముందుకు వచ్చే లోపలే ఖాళీ ఇత్తడి కోశం బయటపడి, తరువాతి తూటా సిద్ధమవుతుంది. ఇందులో మనిషి చేయి తగిలేది పళ్లెంలో తూటాలు నింపేటప్పుడు మాత్రమే. ఫిరంగి గూటిలో ఎవరూ ఉండరు.

క్షిపణితో పందెం

ఇంత హడావుడి దేనికి? 1967 అక్టోబరులో ఇజ్రాయెల్ విధ్వంసక నౌక ‘ఐలాత్’‌ను ఈజిప్టు పడవలు క్షిపణులతో ముంచివేశాయి. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ నౌక ‘షెఫీల్డ్’ ఎక్సోసెట్ క్షిపణి దెబ్బకు బలియైంది. సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తున ఎగిరివచ్చే క్షిపణిని భూగోళపు వంపు దాచివేస్తుంది. నౌకపై రాడార్ ఇరవై మీటర్ల ఎత్తున, క్షిపణి మూడు మీటర్ల ఎత్తున ఉంటే, అది కంటబడేసరికి మిగిలే దూరం సుమారు 25 కిలోమీటర్లు. సెకనుకు 300 మీటర్ల వేగంతో వస్తే నౌకకు దక్కే వ్యవధి 85 సెకన్లు.

ఫిరంగి నిజంగా పనికివచ్చేది చివరి ఆరు కిలోమీటర్లలో. ఆరవ కిలోమీటరు నుండి ఒకటవ కిలోమీటరు దాకా క్షిపణి రావడానికి పదిహేడు సెకన్లు కూడా పట్టవు. ఆ వ్యవధిలో నిమిషానికి 20 గుండ్ల ఫిరంగి అయిదు మాత్రమే వేయగలదు. 120 గుండ్ల ఫిరంగి ముప్పైకి పైగా వేయగలదు. ధ్వనికి దాదాపు మూడింతల వేగంతో వచ్చే క్షిపణి అయితే అయిదారు సెకన్లే. అప్పుడు ఎంతటి శీఘ్ర శతఘ్నికైనా పది గుండ్లే గతి.

గుండు క్షిపణికి నేరుగా తగలనక్కరలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా శాస్త్రజ్ఞులు గుండు ముక్కులో ఇమిడే చిన్న రేడియో పరికరాన్ని రూపొందించారు. లక్ష్యం నుండి ప్రతిఫలించిన తరంగాలను బట్టి దగ్గరకు వచ్చినట్లు గ్రహించి, అది గుండును పేలుస్తుంది. 1943 జనవరిలో ‘హెలెనా’ నౌక దీనిని మొదటిసారిగా యుద్ధంలో వినియోగించింది. శీఘ్ర శతఘ్ని, రాడార్, ఈ సామీప్య ఫ్యూజు — మూడూ కలిసినప్పుడే ఫిరంగి నౌకకు గొడుగు పట్టగలుగుతుంది.

ఉక్కును తినే వాయువు

ఇక అసలు చిక్కు. 76 మిల్లీమీటర్ల గుండు ఒక్కొక్కటి 25 లక్షల జౌళ్లకు పైగా గతిశక్తితో బయటపడుతుంది. మందు కాలి విడుదల చేసే శక్తిలో ఇది స్థూలంగా మూడోవంతు. మిగిలినదానిలో ఎక్కువభాగం వేడి వాయువులతో మూతినుండి వెళ్లిపోతుంది. గొట్టానికి అంటుకొనేది పదోవంతే అనుకొన్నా, ఒక్కొక్క గుండుకు రెండు లీటర్లకు పైగా కుళాయి నీటిని మరిగించేంత వేడి అది. సెకనుకు రెండు గుండ్లు చొప్పున ఆ వేడి పేరుకొంటూ పోతుంది. అందుకే ఈ ఫిరంగుల గొట్టాల చుట్టూ నీటిని ప్రవహింపజేసి చల్లబరుస్తారు.

వేడికన్నా లోతైన శత్రువు రసాయన చర్య. గుండు గొట్టంలో ఉండేది సెకనులో నూరోవంతు సేపు. వెయ్యి గుండ్లు పేల్చిన గొట్టం మొత్తం మీద ‘పనిచేసిన’ కాలం పది సెకన్లే! కాని ఆ పది సెకన్లలోనే దాని ఆయుష్షులో పెద్దభాగం కరిగిపోవచ్చు. వేల అట్మాస్ఫియర్ల పీడనంలో, ఉక్కు ద్రవీభవన స్థానాన్ని మించిన ఉష్ణోగ్రతలో కార్బన్ మోనాక్సైడ్ గొట్టం లోపలి గోడను తాకినప్పుడు, దానిలోని కార్బన్ ఇనుములోకి చొరబడుతుంది. శుద్ధమైన ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది; నూటికి నాలుగు పాళ్ల పైచిలుకు కార్బన్ చేరిన ఇనుము 1147 డిగ్రీలకే కరుగుతుంది. తగరం, సీసం విడివిడిగా కన్నా కలిసినప్పుడు తక్కువ వేడికే కరిగి టంకంగా పనికివచ్చినట్లే ఇదీను. అంటే వాయువు ఉక్కును కరిగించడానికి ముందు దానిని సులభంగా కరిగే పదార్థంగా మార్చుకొంటున్నది. ఆ పలుచని పొర ప్రతి గుండుతోనూ కొంత కొట్టుకొనిపోతుంది. లోపలి గాడులు అరిగి, వాయువు గుండు ప్రక్కలనుండి తప్పించుకొని, వేగమూ గురీ రెండూ తగ్గుతాయి.

దీనికి విరుగుళ్లు మూడు. మొదటిది గొట్టం లోపల క్రోమియం పూత. క్రోమియం 1900 డిగ్రీలు దాటితేగాని కరగదు. కాని పూతలో సన్నని బీటలు పడితే వాయువు వాటిగుండా దిగి క్రింది ఉక్కును తొలుస్తుంది. రెండవది ‘చల్లని’ మందు. నైట్రోసెల్యులోజ్‌లో నైట్రోజన్ శాతాన్ని తగ్గించి, శక్తి తక్కువైన కర్బన పదార్థాలు కలిపితే జ్వాల ఉష్ణోగ్రత తగ్గుతుంది. అమెరికా నౌకాదళం అయిదు అంగుళాల ఫిరంగులకు ఇటువంటి మందునే ఎంచుకొన్నది. ఇక్కడొక మెలిక ఉన్నది. ఆక్సిజన్ తక్కువైన చల్లని మందు కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ పాళ్లు పెరుగుతాయి. ఉక్కుపై దాడి చేసేవి అవే. వేడి తగ్గించామన్న సంతోషం కొంతవరకు ఇలా హరించుకొనిపోతుంది. మూడవది స్వీడన్ వారు కనిపెట్టిన ఉపాయం: మైనంలో కలిపిన టైటానియం డయాక్సైడ్‌ను మందు చుట్టూ పట్టీగా అమర్చడం. ఇళ్ల గోడలకు వేసే తెల్లరంగులో ఉండే పదార్థమే ఇది. దానివల్ల గొట్టం గోడకు చేరే వేడి గణనీయంగా తగ్గుతుంది.

నెమ్మదించిన ఫిరంగి

గొట్టం అరగడం ధనానికి నష్టం. గొట్టం వేడెక్కడం ప్రాణానికే ముప్పు. విడువకుండా పేల్చిన ఫిరంగిలో ఒక గుండు పేలకుండా నిలిచిపోతే, చుట్టూ ఉన్న ఉక్కు వేడికి అది తనంతట తానే అంటుకోవచ్చు. 1965లో వియత్నాం తీరాన అమెరికా విధ్వంసక నౌక ‘టర్నర్ జాయ్’‌లో అలా చిక్కుకొన్న గుండు పేలి ముగ్గురు నావికులు మరణించారు. ఆ నౌకలోని అయిదు అంగుళాల ఫిరంగి రకం నిమిషానికి 40 గుండ్లు వేయడానికి రూపొందినది. ఆస్ట్రేలియా నౌకలు ‘హోబార్ట్’, ‘పెర్త్’, ‘బ్రిస్బేన్’ కూడా 1967 – 1971 మధ్య అదే తీరాన అదే రకం ఫిరంగులతో వేలాది గుండ్లు ప్రయోగించాయి.

ఆ అనుభవం తరువాత వచ్చిన ఫిరంగి ఇంకా వేగవంతమైనది అయి ఉంటుందని ఎవరైనా అనుకొంటారు. జరిగినది వేరు. 1970లలో రంగప్రవేశం చేసిన ‘మార్క్ 45’ అనే 127 మిల్లీమీటర్ల ఫిరంగి వేగం నిమిషానికి 16 నుండి 20 గుండ్లే. సుమారు 60 టన్నుల బరువు దాదాపు 22 టన్నులకు దిగింది. గూటిలో మనుషుల అవసరం తీరిపోయింది. యంత్రం మొరాయించడం తగ్గింది. 32 కిలోల గుండును 23 కిలోమీటర్లకు పైగా విసిరి తీరంపై లక్ష్యాలను కొట్టే పనికి ఆ వేగం చాలును. విలియమ్స్‌టౌన్‌లో నిర్మాణమై 1996లో సేవలో ప్రవేశించి, 2024లో విరమించిన ‘ఏన్జాక్’ నౌక ఈ ఫిరంగితోనే 2003 మార్చిలో ఇరాక్‌లోని అల్ ఫావ్ ద్వీపకల్పంపై దిగుతున్న బ్రిటిష్ సైనికులకు అండగా కాల్పులు జరిపింది.

ఒకే కుటుంబానికి చెందిన రెండు ఆయుధాలు రెండు దారులు పట్టడానికి కారణం ఇదే. గాలిలో వచ్చే ముప్పును క్షణాలలో ఎదుర్కోవలసినది ఒకటి. దూరాన ఉన్న నేలను గంటల తరబడి కొట్టవలసినది మరొకటి. మొదటిదానికి గొట్టాన్ని ఖర్చుపెట్టడం న్యాయమే; రెండవదానికి పొదుపే బలం.

డ్రోన్ల కాలం

క్షిపణులు వచ్చాక ఫిరంగుల పని అయిపోయిందని ఒకప్పుడు చాలామంది తలచారు. 2023 చివరినుండి ఎర్రసముద్రంలో జరిగిన సంఘటనలు ఆ అంచనాను సవరించాయి. 2024 మార్చి 2న ఇటలీ నౌక ‘కైయో డుయీలియో’ తనవైపు వస్తున్న డ్రోన్‌ను 76 మిల్లీమీటర్ల ఫిరంగితో కూల్చివేసింది. అమెరికా నౌకలు కూడా ఆ జలాలలో అయిదు అంగుళాల ఫిరంగులకు పనిచెప్పాయి. చవకబారు డ్రోన్‌ను కూల్చడానికి దానికి ఎన్నోరెట్లు ఖరీదైన క్షిపణిని ఖర్చుచేస్తే యుద్ధంలో గెలిచినా లెక్కలో ఓడినట్లే. పైగా నౌకలో క్షిపణుల సంఖ్య పరిమితం; వాడినవాటి స్థానంలో కొత్తవి నింపుకోవడానికి సాధారణంగా రేవుకు చేరవలసిందే. ఫిరంగి తూటాలు వందల సంఖ్యలో నౌకలోనే ఉంటాయి.

ఇటలీవారు ఇప్పుడు ఎగురుతూ దారి మార్చుకోగల గుండ్లను 76 మిల్లీమీటర్ల ఫిరంగికి సమకూర్చారు. ప్రతి గుండూ లక్ష్యాన్ని వెదుక్కొంటూ పోగలిగితే, తక్కువ గుండ్లతోనే పని నెరవేరుతుంది. గొట్టం ఆయుష్షు నిలుస్తుంది. చిన్న ముప్పులకు చిన్న ఫిరంగులూ ఉన్నాయి. తెలంగాణలోని ఎద్దుమైలారంలో ఉన్న మెదక్ ఆయుధ కర్మాగారంతో ముడిపడిన 30 మిల్లీమీటర్ల స్వయంచాలక ఫిరంగి, నేలపై ‘శరత్’ శకటాల మీదనే కాక, నౌకారూపంలో గస్తీనౌకలపై కూడా కొలువుదీరింది.

నౌకాదళ దినోత్సవాన విశాఖ సముద్రతీరంలోనో, ఆస్ట్రేలియా రేవులలో నౌకలను ప్రజల సందర్శనకు తెరిచిన రోజునో, పిల్లలు ఈ ఫిరంగిని చూసి “నిమిషానికి ఎన్ని గుండ్లు?” అని తప్పక అడుగుతారు. ఆ అంకె చెప్పిన తరువాత పెద్దలు మరొక రెండు ప్రశ్నలు వారి ముందుంచవచ్చు. ఆ వేగంతో ఎంతసేపు పేల్చగలదు? ఎన్ని గుండ్ల తరువాత దాని గొట్టం మార్చాలి? మొదటి ప్రశ్నకు జవాబు ఫలకం మీద రాసి ఉంటుంది. తక్కిన రెండింటికి జవాబు వెదకబోతే ఉష్ణగతిశాస్త్రం, లోహశాస్త్రం, రసాయన శాస్త్రం మూడూ చదవవలసి వస్తుంది. ఆ ఫిరంగి వెనుక నిలబడే నావికుడి క్షేమం ఆ రెండు జవాబుల మీదనే ఆధారపడి ఉన్నది.